మళ్లీ మళ్లీ వచ్చే పనికి టెంప్లేట్ తయారీ

ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లో టెంప్లేట్ ఒక ఏర్పాటు. ఒకే తీరున మళ్లీ మళ్లీ వచ్చే పనికి దశలు, వాటి వరుస, బాధ్యులు, గడువులు ఒకసారి రాసి దాచుకుంటే, ఆ పని వచ్చిన ప్రతిసారీ దాని నకలుతో మొదలుపెట్టవచ్చు. ట్రెల్లో, ఆసనా, జిరా, జోహో ప్రాజెక్ట్స్, క్లిక్‌అప్ వీటన్నిటిలోనూ ఈ సదుపాయం ఏదో ఒక రూపంలో ఉంది. బటన్ ఎక్కడుందో కనుక్కోవడం చిన్న పని. టెంప్లేట్‌లో ఏం రాయాలి, ఏం రాయకూడదు, రాసినదాన్ని పాతబడకుండా ఎలా కాపాడుకోవాలి అన్నవే నేర్చుకోవలసిన సంగతులు.

ఈ అధ్యాయం పొడవునా ఒకే ఉదాహరణ ఉంటుంది: చిన్న తెలుగు ప్రచురణ సంస్థలో పుస్తకం తేవడం. ఏడాదికి కొన్ని పుస్తకాలు, ఆఫీసులో ఇద్దరు ముగ్గురు, డీటీపీ బయట, ప్రెస్సు బయట. ప్రతి పుస్తకమూ కొత్తదే, అది నడిచే దారి మాత్రం దాదాపు ఒక్కటే. టెంప్లేట్‌కు సరిగ్గా సరిపోయే పని ఇలాగే ఉంటుంది.

మూడు సదుపాయాలు, మూడు అవసరాలు

ఒకదానికొకటి దగ్గరగా కనిపించే మూడు సదుపాయాలను ముందు విడదీసి చూడాలి. వీటిని కలగలిపేస్తే ఏర్పాటు మొదట్లోనే తప్పుదారి పడుతుంది.

మొదటిది రికరింగ్ టాస్క్. ఇది క్యాలెండర్ ప్రకారం తిరిగొస్తుంది. పుస్తకాల షాపుల నుంచి ప్రతి నెలా అమ్మకాల లెక్క తెప్పించుకోవడం ఇలాంటిది. తేదీ రాగానే పని తెర మీద ప్రత్యక్షమవుతుంది.

రెండోది టెంప్లేట్. దీనికి క్యాలెండర్‌తో సంబంధం లేదు, ఏదో ఒకటి జరిగినప్పుడు మొదలవుతుంది. రచయిత నుంచి రాతప్రతి వచ్చింది, ప్రచురణకు ఒప్పుకున్నారు, అప్పుడు టెంప్లేట్ నుంచి కొత్త ప్రాజెక్ట్ తెరుస్తారు.

మూడోది వర్క్‌ఫ్లో. ఒక పని ఏ స్థితి నుంచి ఏ స్థితికి కదలవచ్చో, కదలాలంటే ఏం పూర్తయి ఉండాలో చెప్పే నియమాలివి. జిరాలో ఈ నియమాలను వివరంగా రాయవచ్చు. ఫలానా వివరం నింపితే తప్ప పనిని తర్వాతి స్థితికి పంపకుండా ఆపవచ్చు. జోహో ప్రాజెక్ట్స్‌లో ఇలాంటి దాన్ని బ్లూప్రింట్ అంటారు. ట్రెల్లోలో కార్డును ఎవరైనా ఏ జాబితాలోకైనా లాగవచ్చు, కాబట్టి అక్కడ క్రమశిక్షణ మనుషులదే.

చిన్న బృందం టెంప్లేట్‌తో మొదలుపెట్టి, అవసరం కనిపించిన చోట మాత్రమే వర్క్‌ఫ్లో నియమాలు చేర్చుకోవడం మంచిది.

నైపుణ్యం ఉన్నవారికీ జాబితా ఎందుకు

అనుభవం ఉన్నవారికి జాబితా చేతికిస్తే చిన్నబుచ్చుకోవడం మామూలే. వైమానిక, వైద్య రంగాల అనుభవం మరోలా చెబుతుంది. 1935 అక్టోబరు 30న అమెరికాలోని డేటన్ దగ్గర రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ మోడల్ 299 విమానం గాల్లోకి లేచిన కొద్దిసేపటికే కూలిపోయింది. నేల మీద ఉన్నప్పుడు గాలికి కదలకుండా విమానాన్ని అదుపుచేసే భాగాలను బిగించి ఉంచే తాళాన్ని ఎగిరే ముందు తీయడం మరిచిపోయారు. నడిపింది ఎంతో అనుభవం ఉన్న మేజర్ ప్లాయర్ హిల్. ఆ ప్రమాదం తర్వాతే పైలట్ల చెక్‌లిస్టు రూపుదిద్దుకుంది. ఆ నమూనా విమానమే తర్వాత బీ-17గా పేరు తెచ్చుకుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్సలకు 19 అంశాల చెక్‌లిస్టు విడుదల చేసింది. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దాన్ని పరీక్షించి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ఈ ఫలితాలు 2009లో వెలువడ్డాయి. ఆ జాబితా శస్త్రచికిత్స ఎలా చేయాలో చెప్పదు. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగిని థియేటర్ నుంచి బయటికి పంపే ముందు మూడు చోట్ల మాత్రం అందరినీ ఆపి, కొన్ని ప్రశ్నలు అడిగిస్తుంది.

టెంప్లేట్‌కు ఇక్కడి నుంచి నేర్చుకోవలసినది రెండు మాటల్లో ఉంది. మరపు అసమర్థత కాదు, మనిషి స్వభావం. జ్ఞాపకం పెట్టుకునే బరువు జాబితా మోస్తే, ఆలోచించి నిర్ణయించే శక్తి మనిషికి మిగులుతుంది. అందుకే మంచి టెంప్లేట్ నిపుణుడికి అతని పని నేర్పబోదు. మరిచిపోయే వీలున్న వాటిని, మరిచిపోతే నష్టం చేసే వాటిని మాత్రం గుర్తుచేస్తుంది.

ఏ పనికి టెంప్లేట్ కావాలి

మూడు ప్రశ్నలతో ఇది తేలిపోతుంది. పని ఇప్పటికే రెండు మూడు సార్లు జరిగిందా? ప్రతిసారీ దశలు దాదాపు ఒకే వరుసలో వచ్చాయా? పని ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారుతుందా? మూడింటికీ అవునని జవాబొస్తే టెంప్లేట్ వేయవచ్చు. ఒక్కసారే జరిగే పనికి, లేదా ప్రతిసారీ కొత్త దారి తొక్కే పనికి టెంప్లేట్ వేస్తే అది సంకెల అవుతుంది. పుస్తకం అచ్చువేయడానికి టెంప్లేట్ ఉండాలి. ఏ పుస్తకం వేయాలో నిర్ణయించడానికి అక్కర్లేదు.

ముగిసిన పని నుంచే రాయాలి

చాలా టెంప్లేట్లు వాడకానికి నోచుకోకుండా మూలపడటానికి కారణం, వాటిని ఊహించి రాయడం. పని ఎలా జరగాలో బోర్డు మీద గీసిన బొమ్మకూ, పని నిజంగా జరిగిన తీరుకూ పొంతన ఉండదు. ఈమధ్యే పూర్తయిన ఒక పుస్తకాన్ని తీసుకుని, దాని వాట్సాప్ సంభాషణలు, మెయిళ్లు, ప్రెస్సు బిల్లులు ముందు పెట్టుకుని, ఏ రోజు ఏం జరిగిందో వరసగా రాసుకోవాలి. ఆలస్యం ఎక్కడైంది, ఒకే ప్రశ్న రెండుసార్లు ఎక్కడ అడగాల్సి వచ్చింది, చివరి నిమిషంలో ఎవరు పరిగెత్తారు అన్నవి పక్కన గుర్తుపెట్టుకోవాలి. టెంప్లేట్‌లో చోటు దక్కాల్సిన దశలు ఆ గుర్తుల దగ్గరే దొరుకుతాయి.

తెలుగు పుస్తకం విషయంలో అలా తప్పక బయటపడేవి కొన్ని ఉంటాయి. రాతప్రతి యూనికోడ్ కాని అను ఫాంట్లలో వచ్చిందా, యూనికోడ్‌లో వచ్చిందా అన్నది మొదటి రోజే చూడకపోతే తర్వాత బాధపడాలి. ఒకదాని నుంచి మరొకదానికి మార్చేటప్పుడు వత్తులు, పొల్లులు చెదిరిపోతుంటాయి. కాబట్టి మార్పిడి తర్వాత మొత్తం ఒకసారి చదవడం అనే దశ జాబితాలో ఉండి తీరాలి. ఫారానికి 16 పేజీల చొప్పున అచ్చయ్యే పుస్తకంలో 200 పేజీలు పన్నెండున్నర ఫారాలవుతాయి. దాన్ని 192కు తగ్గించాలా, 208కి పెంచాలా, అర ఫారంతోనే వెళ్లాలా అన్నది ఆఖరి ప్రూఫు దగ్గర తేలాలి. లేకపోతే ప్రెస్సు నుంచి ఫోనొచ్చాక తొందరలో తేల్చాల్సి వస్తుంది.

ఒక్కో పనిని రాసే తీరు

టెంప్లేట్‌లో ప్రతి పనికీ నాలుగు లక్షణాలు ఉండాలి: ఏం చేయాలో చెప్పే క్రియ, ఒకే ఒక్క బాధ్యుడు, అయిపోయిందని ఎలా తెలుస్తుందో చెప్పే గుర్తు, పనికి కావలసిన సామగ్రి ఎక్కడుందో చెప్పే లింకు.

ఉదాహరణకు "కవర్" అని రాసి వదిలేస్తే, మూడు నెలల తర్వాత తెరిచినవారికి ఏమీ అర్థం కాదు. డిజైనరుకు చెప్పాలా, వచ్చిన డిజైను చూడాలా, ప్రెస్సుకు పంపాలా? అదే పనిని ఇలా రాయవచ్చు: "వెన్ను కొలత వేసి పూర్తి కవర్ ఫైల్ తయారు చేయించాలి. వెనక అట్ట మీద బార్‌కోడ్, వెల ఉన్నాయని చూసి, ప్రెస్సు అడిగిన కొలతల్లో పీడీఎఫ్‌ను ఫోల్డర్‌లో పెడితే పని పూర్తయినట్టు." ఈ రెండు వాక్యాలతో, ముందు రోజు చేరిన ఉద్యోగికీ పని ఎక్కడ ముగుస్తుందో తెలుస్తుంది.

పనికీ, పనిలోని చెక్‌లిస్టుకూ తేడా పాటించాలి. చేసే మనిషి గానీ, గడువు గానీ మారితే అది వేరే పని. ఒకే మనిషి ఒకే విడతలో సరిచూసుకునేవి చెక్‌లిస్టులోకి వెళ్తాయి. ప్రచురణ వివరాల పేజీలో రచయిత పేరు, ముద్రణ సంవత్సరం, ప్రతుల సంఖ్య, వెల, చిరునామా, ప్రెస్సు పేరు, పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ సంఖ్య సరిచూడటం ఒక్క పని కింద ఏడు అంశాల చెక్‌లిస్టు. వీటిని ఏడు పనులుగా విడగొడితే బోర్డు నిండిపోయి ముఖ్యమైనది కనబడదు.

పేర్లు కాదు, బాధ్యతలు

టెంప్లేట్‌లో మనిషి పేరు రాస్తే, ఆ మనిషి సెలవు పెట్టినా, ఉద్యోగం మారినా టెంప్లేట్ తప్పవుతుంది. సంపాదకుడు, ప్రూఫ్ రీడర్, డీటీపీ, కవర్ డిజైనర్, ప్రొడక్షన్ అని బాధ్యతలు రాయాలి. ఆసనాలో ప్రాజెక్ట్ టెంప్లేట్‌కు ఇలా బాధ్యతలు ముందే పెట్టుకుని, కొత్త ప్రాజెక్ట్ తెరిచేటప్పుడు ఏ బాధ్యత ఎవరిదో ఒక్కసారి ఎంచుకోవచ్చు. ఆ సదుపాయం లేని సాఫ్ట్‌వేర్‌లో పని పేరు ముందే బాధ్యతను రాసుకుంటే సరిపోతుంది. ఇద్దరి పేర్లు పెట్టిన పని ఎవరిదీ కాకుండా పోతుంది కాబట్టి, ఒక పనికి ఒక్కరే బాధ్యులు. మిగతావారు సాయం చేసేవారు.

చివరి రోజు నుంచి వెనక్కి లెక్క

తేదీలు రాసిన టెంప్లేట్ ఒక్కసారికే పనికొస్తుంది. తేదీలకు బదులు దూరాలు రాయాలి: ముగింపు రోజుకు ఇన్ని రోజుల ముందు, ఇన్ని రోజుల తర్వాత. పుస్తకం బైండింగ్ పూర్తయి చేతికి రావాల్సిన రోజును సున్నాగా తీసుకుంటే, ఒక టెంప్లేట్ ఇలా ఉండవచ్చు:

- 75 రోజుల ముందు: తుది రాతప్రతి అందుకుని, ఫాంటు చూసి నమోదు చేయడం. సంపాదకుడు.
- 65 రోజుల ముందు: యూనికోడ్ మార్పిడి, మార్చాక ఒకసారి చదవడం. డీటీపీ, ప్రూఫ్ రీడర్ పేర వేర్వేరు పనులు.
- 60 రోజుల ముందు: ఐఎస్‌బీఎన్‌కు దరఖాస్తు. ప్రొడక్షన్.
- 50 రోజుల ముందు: మొదటి ప్రూఫు ముగింపు. ప్రూఫ్ రీడర్.
- 45 రోజుల ముందు: ముఖచిత్రం ఎంపిక. సంపాదకుడు.
- 35 రోజుల ముందు: రచయిత చూసిన రెండో ప్రూఫు తిరిగి రావడం. సంపాదకుడు.
- 25 రోజుల ముందు: ఆఖరి ప్రూఫు ఓకే, పేజీల సంఖ్య ఖరారు. సంపాదకుడు.
- 21 రోజుల ముందు: వెన్ను కొలతతో పూర్తి కవర్. కవర్ డిజైనర్.
- 20 రోజుల ముందు: ఫైళ్లు ప్రెస్సుకు. ప్రొడక్షన్.
- 10 రోజుల తర్వాత: నాలుగు గ్రంథాలయాలకు ప్రతులు పంపడం. ప్రొడక్షన్.

ఈ అంకెలు ఉదాహరణకే. ప్రతి సంస్థా తన పాత పుస్తకాల నుంచి తన అంకెలు తానే రాబట్టుకోవాలి. ఐఎస్‌బీఎన్‌ను మన దేశంలో కేంద్ర విద్యాశాఖ కింద పనిచేసే రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. డబ్బు కట్టే పని కాకపోవడంతో దీన్ని వాయిదా వేయడం తేలిక, అందుకే దానికంటూ ఒక తేదీ ఉండాలి. చివరి అంశానికి ఆధారం 1954 నాటి డెలివరీ ఆఫ్ బుక్స్ చట్టం. ప్రచురణకర్త పుస్తకం వెలువడిన 30 రోజుల్లోపు కోల్‌కతాలోని నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా, ముంబయి సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకు ఒక్కో ప్రతి పంపాలి. పుస్తకం వచ్చాక ఆవిష్కరణ సందడిలో మొదట మరుగున పడేది ఇదే. గడువు 30 రోజులైనా టెంప్లేట్‌లో పదో రోజుకే పెట్టడం వల్ల జారిపోవడానికి ఆస్కారం తగ్గుతుంది.

ఇప్పుడు విజయవాడ పుస్తక మహోత్సవం కోసం పుస్తకం డిసెంబరు 28కి చేతికి రావాలనుకుందాం. టెంప్లేట్‌కు ఆ ఒక్క తేదీ ఇస్తే చాలు: ఫైళ్లు ప్రెస్సుకు డిసెంబరు 8, ఆఖరి ప్రూఫు డిసెంబరు 3, రెండో ప్రూఫు నవంబరు 23, మొదటి ప్రూఫు నవంబరు 8, మార్పిడి అక్టోబరు 24, రాతప్రతి అక్టోబరు 14. ఈ వరస కళ్లముందుకు రాగానే రెండు సంగతులు బయటపడతాయి. దీపావళి సెలవులు ఈ నడుమే పడతాయి. డిసెంబరులో ప్రెస్సులు క్యాలెండర్లు, డైరీలతో తలమునకలై ఉంటాయి. రచయితకు "నవంబరు ఆఖరుకు ఇవ్వండి చాలు" అని మాటిచ్చే ముందే ఈ సంగతి తెలియడం టెంప్లేట్ చేసే పెద్ద మేలు.

ఇలాంటి లెక్కకు ఖరీదైన సాఫ్ట్‌వేర్ తప్పనిసరి కాదు. గూగుల్ షీట్స్‌లో ముగింపు తేదీ ఒక గడిలో, దూరాలు ఒక నిలువు వరుసలో పెట్టి కూడికతో తేదీలు రాబట్టవచ్చు. శని, ఆదివారాలు, సెలవులు వదిలేసి లెక్కించడానికి వర్క్‌డే ఫంక్షన్ ఉంది.

ఏది ముగిస్తే ఏది మొదలు

వరుసలో ఒకదాని తర్వాత ఒకటి రాసినంత మాత్రాన అవి ఒకదాని మీద ఒకటి ఆధారపడినట్టు కాదు. ఆధారాలను విడిగా గుర్తించాలి. మొదటి ప్రూఫు నడుస్తుండగానే ముఖచిత్రం పని సాగవచ్చు. పూర్తి కవర్ మాత్రం పేజీల సంఖ్య ఖరారయ్యే దాకా ముగియదు, ఎందుకంటే వెన్ను వెడల్పు పేజీల సంఖ్య మీద, కాగితం మందం మీద ఆధారపడుతుంది. 16 పేజీలు పెరిగితే ఎనిమిది కాగితాల మందం పెరిగినట్టే. ఈ ఒక్క ఆధారాన్ని సాఫ్ట్‌వేర్‌లో డిపెండెన్సీగా కట్టేస్తే, కవర్ డిజైనర్ తొందరపడి చేసిన పనిని మళ్లీ చేయాల్సిన అవస్థ తప్పుతుంది. నిజంగా ఆధారపడిన వాటిని మాత్రమే కట్టాలి. అన్నిటినీ గొలుసుగా కట్టేస్తే ఒక్క చోట ఆలస్యం మొత్తాన్ని ఆపేస్తుంది.

వెనక్కి తీసుకోలేని అడుగు ఎక్కడుందో చూసి, దాని ముందు ఒక తనిఖీ పెట్టాలి. పుస్తకం పనిలో అది ఫైళ్లు ప్రెస్సుకు వెళ్లే క్షణం. అంతకు ముందు దొరికిన తప్పు దిద్దుబాటుతో పోతుంది. ఆ తర్వాత దొరికిన తప్పుకు కాగితం, సిరా, డబ్బు ఖర్చవుతాయి. "సంపాదకుడి ఓకే లేకుండా ప్రెస్సుకు పంపడం కుదరదు" అన్న నియమాన్ని జిరాలో గానీ జోహోలో గానీ సాఫ్ట్‌వేర్‌తోనే పాటింపజేయవచ్చు. పని మొత్తానికి ఇలాంటి తనిఖీలు రెండు మూడు చాలు. అడుగడుగునా అనుమతి అడిగే ఏర్పాటులో మనుషులు చదవకుండానే ఓకే కొట్టడం మొదలుపెడతారు.

ప్రూఫు లాంటి పని ముందుకూ వెనక్కూ తిరుగుతుంది. డీటీపీ దగ్గర, ప్రూఫ్ రీడర్ దగ్గర, రచయిత దగ్గర, ఓకే అయింది అని నాలుగు స్థితులు పెట్టుకుంటే, పుస్తకం ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో ఫోన్ చేయకుండానే తెలుస్తుంది. స్థితి పేరు ఎవరి వంతో చెప్పాలి. "జరుగుతోంది" అన్న స్థితి ఏమీ చెప్పదు.

పెద్దది ఒకటి కన్నా చిన్నవి మూడు

అన్ని సందర్భాలూ ఒకే టెంప్లేట్‌లో ఇరికిస్తే, ప్రతిసారీ సగం పనులు చెరిపేయాల్సి వస్తుంది. చెరపడం అలవాటైన చేయి కావలసినవీ చెరిపేస్తుంది. కొత్త పుస్తకానికి ఒకటి, పునర్ముద్రణకు ఒకటి, ఆవిష్కరణ సభకు ఒకటి అని విడిగా పెట్టుకుని, అవసరమైనప్పుడు కలుపుకోవాలి. మార్పులేమీ లేని పునర్ముద్రణకు కొత్త ఐఎస్‌బీఎన్ అక్కర్లేదు, మార్పులు చేర్పులతో వచ్చే కొత్త కూర్పుకు కావాలి. ఈ తేడా ఒక్కటి చాలు, ఆ రెండింటికీ ఒకే జాబితా సరిపోదనడానికి.

ఆటోమేషన్ ఆఖర్న

ఒక పని ముగియగానే తర్వాతివారికి కబురు వెళ్లడం, గడువుకు రెండు రోజుల ముందు గుర్తుచేయడం, కార్డు ఒక జాబితాలోకి రాగానే చెక్‌లిస్టు జతకావడం వంటివి ట్రెల్లో, ఆసనా లాంటి వాటిలో చిన్న నియమాలతో సాధ్యమే. టెంప్లేట్‌ను రెండు మూడు పుస్తకాలకు చేత్తో నడిపి, వరుస కుదురుకున్నాకే వీటిని చేర్చాలి. కుదురుకోని వరుసకు ఆటోమేషన్ తొడిగితే తప్పు మరింత వేగంగా జరుగుతుంది. కబురు అవసరమైన ఒక్కరికే వెళ్లాలి. అందరికీ వెళ్లే నోటిఫికేషన్‌ను ఎవరూ తెరవరు.

దిద్దుబాటు, సంరక్షణ

టెంప్లేట్‌కు ఒక సంరక్షకుడు ఉండాలి. వాడే హక్కు అందరిదీ, మార్చే హక్కు ఆ ఒక్కరిది. మార్పు సూచించడం మాత్రం అందరికీ సులువుగా ఉండాలి. అందుకు టెంప్లేట్‌లోనే ఆఖరి పనిగా ఇది చేర్చాలి: "ఈ పుస్తకంలో జాబితాలో లేక ఇబ్బంది పెట్టినవి, జాబితాలో ఉన్నా ఎవరూ వాడనివి రాయాలి." పది పదిహేను నిమిషాల పని. ఏడాది తిరిగేసరికి టెంప్లేట్ విలువను పెంచేది ఇదే.

టెంప్లేట్‌ను దిద్దితే ఆ తర్వాత తెరిచే ప్రాజెక్టులకే మార్పు వర్తిస్తుంది. అప్పటికే నకలు తీసి నడుస్తున్నవి పాత రూపంలోనే ఉంటాయి. కాబట్టి ముఖ్యమైన మార్పు చేసినప్పుడు, నడుస్తున్న ప్రాజెక్టుల్లో దాన్ని చేత్తో చేర్చాలి. టెంప్లేట్ పేరులోనే ఏ నెలలో దిద్దినదో ఉంటే తికమక ఉండదు.

కొత్త అంశం చేర్చేటప్పుడు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ పొరపాటు మళ్లీ జరిగే వీలుందా, లేక ఒక్క పుస్తకానికే పరిమితమైన ఘటనా? ప్రతి చేదు అనుభవాన్నీ ఒక దశగా మారిస్తే జాబితా చదవలేనంత పెరుగుతుంది. అందుకే చేర్చడంతోపాటు తీసేయడమూ సాగాలి. వరుసగా మూడు పుస్తకాల్లో ఎవరూ పట్టించుకోకపోయినా నష్టం జరగని దశను తొలగించాలి. చట్టం అడిగేవీ, వెనక్కి తీసుకోలేని అడుగుకు ముందుండే తనిఖీలూ ఈ లెక్కలోకి రావు, అవి ఉండాల్సిందే.

పని తీరే మారినప్పుడు, ఉదాహరణకు సంస్థ వెయ్యి ప్రతులు ఒకేసారి వేయించడం మాని ఆర్డరు వచ్చినప్పుడే అచ్చువేసే పద్ధతికి వెళ్లినప్పుడు, పాత టెంప్లేట్‌కు అతుకులు వేయకూడదు. కొత్త పద్ధతిలో ఒక పుస్తకాన్ని పూర్తిగా నడిపి, ఆ అనుభవం నుంచి కొత్తది రాసుకుని, పాతదాన్ని ఎవరూ పొరపాటున తెరవకుండా ఆర్కైవ్‌లో పెట్టాలి.